పిలిచి కొడితే మళ్ళీ ఎవరొస్తారు?

పోయిన వానాకాలం చెనక్కాయ చేలో కాపలాకని ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. నల్లగా ఉంటాడు కాబట్టి పేరు నల్లోడు. ఆరు నెలలు నిండేసరికి అడివి పందుల అలికిడి వింటే చాలు, గట్టు మీద నిలబడి మొరిగేవాడు. మంచి కుక్క దొరికిందని సంబరపడ్డాను.

ఒకరోజు సాయంత్రం ఎంత పిలిచినా రాలేదు. బాగా చీకటిపడ్డాక, ఒళ్ళంతా పల్లేరుకాయలు అంటించుకుని తోక ఊపుకుంటా వచ్చాడు. నాకు కోపం ఆగలేదు. చేతిలో ఉన్న కట్టెతో రెండు తగిలించాను. మరుసటి రోజు నుంచి నేను పేరు పెట్టి పిలిస్తే చాలు, ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయేవాడు. చెవులు వెనక్కి వాల్చి నన్నే చూస్తా ఉండేవాడు. దగ్గరికి మాత్రం రాడు.

పక్క చేను పెద్దమ్మ ఇదంతా చూసి ఒకటే మాట అనింది: "పిలిచి కొట్టినోని దగ్గరికి మళ్ళీ ఎవరొస్తారు నాయనా?"

ఆ మాట మనసులో నాటుకుపోయింది. కుక్కలకు నేర్పే పద్ధతులు ఎక్కడ మొదలైనాయి, ఎట్లా మారినాయి అని దొరికినవి చదువుతా పోయాను. పెద్దమ్మ ఒక్క మాటలో చెప్పింది లోకానికి తెలియనిది కాదు, లోకం తెలిసీ మర్చిపోయింది. మళ్ళీ గుర్తు చేయడానికి చాలా ఏళ్ళు పట్టింది. గుర్తు చేసినవాటిలో ముందు వరుసలో ఉన్నవి కోళ్ళు. అదీ ఒక పొలంలో!

ముందు మన ఇంటి కథ. నన్నయ గారు 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో మొదలుపెట్టిన తెలుగు భారతంలో, అసలు కథలోకి అడుగుపెట్టే చోటే ఒక కుక్కపిల్ల ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడికి వచ్చి ఆడుకుంటాడు. రాజు తమ్ముళ్ళు వాడిని కొడతారు. పిల్ల ఏడుస్తా తల్లి దగ్గరికి పోతాడు. సంస్కృత భారతంలో అయితే, నేను నెయ్యి నాకలేదు, అటు చూడను కూడా లేదు అని తల్లితో చెప్పుకుంటాడు. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, తప్పు చేయని పిల్లను ఎందుకు కొట్టించావని నిలదీస్తుంది. ఇట్లా మంచీచెడూ చూడకుండా బలం లేనివాళ్ళ మీద చెయ్యి చేసుకున్నవాళ్ళకు అనుకోని ఆపద వస్తుందని చెప్పి పోతుంది. అంత పెద్ద రాజుకు ఆ రోజు నుంచి మనసు కుదుట ఉండదు. ఇది శిక్షణ గురించి రాసిన కథ కాదు. కానీ ఏ తప్పుకు కొడుతున్నారో కుక్కకు తెలియాలి కదా అన్న ప్రశ్న అందులోనే ఉంది.

ఇంకా వెనక్కి పోతే, సుమారు 2400 ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో జెనోఫన్ అనే ఆయన ఉండేవాడు. సైనికుడు, వ్యవసాయం గురించి కూడా పుస్తకం రాసినవాడు. వేట మీద ఆయన పేరుతో ఉన్న పుస్తకంలో కుక్కపిల్లలను తయారు చేసే విధానం ఉంది. పేర్లు చిన్నగా ఉండాలి, పిలవడానికి సులువు. పిల్లలకు తిండి వలల దగ్గరే పెట్టాలి, దారి తప్పినా తిండి కోసమని అక్కడికే తిరిగొస్తాయి. చూశారా, అప్పటికే తెలుసు. తిరిగి రావడం కుక్కకు లాభంగా ఉంటే అది తిరిగొస్తుంది.

మరి కట్టె ఎప్పుడు గురువయింది? కట్టె ఎప్పుడూ ఉండేది, కానీ దానికి పుస్తకం హోదా వచ్చింది మాత్రం పోలీసు, సైనిక కుక్కల కాలంలో. 1910లో జర్మనీ పోలీసు అధికారి కొన్రాడ్ మోస్ట్ కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. కుక్క ఒక పని చేసినాక దానికి ఏం జరుగుతుందో దాన్నిబట్టే నేర్చుకుంటుందని బాగా గ్రహించినవాడు. మెచ్చుకోవాలని కూడా రాశాడు. కానీ ముళ్ళ పట్టీ, బెత్తం, బలవంతం ఆయన పద్ధతిలో పెద్ద భాగం. కుక్కకు మనిషి పైవాడు, కుక్క లొంగాల్సిందే అన్నది దాని పునాది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుక్కల వాడకం పెరిగింది, ఆ ధోరణి కూడా పాకింది.

అమెరికాలో 1962లో విలియం కోలర్ పుస్తకం వచ్చింది. ఆయన డిస్నీ సినిమాల్లో కుక్కలకు శిక్షణ ఇచ్చిన మనిషి కాబట్టి పేరుంది. గుంతలు తవ్వే కుక్కకు అదే గుంతలో నీళ్ళు నింపి తల ముంచమనే సలహా కూడా ఆ పుస్తకంలో ఉంది. వేలమంది దాన్ని పాటించారు.

దీనికి తోడు తోడేళ్ళ కథ ఒకటి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుశాలలో కట్టేసి పెంచిన తోడేళ్ళను గమనించి, గుంపులో పెత్తనం కోసం కొట్లాటలు ఉంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మెక్ తోడేళ్ళ మీద రాసిన పేరున్న పుస్తకం ఆ ఆలోచనను ఇంకా ప్రచారంలోకి తెచ్చింది. దాంతో "కుక్క కూడా తోడేలే, నువ్వు గుంపుకు నాయకుడివని చూపించు, వెల్లకిలా పడేసి అణచు" అనేవాళ్ళు బయలుదేరారు. తర్వాత మెక్ స్వయంగా అడివిలో తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూశాడు. అడివిలో గుంపు అంటే ఎక్కువగా అమ్మ, నాన్న, పిల్లలు. నాయకులు అంటే కన్నవాళ్ళే. 1999లో ఆ మాట పరిశోధన పత్రంలో రాసి, తన పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను కోరాడు. తన తప్పు తానే దిద్దుకున్న మనిషి. కానీ పాత మాట మాత్రం ఇంకా తిరుగుతానే ఉంది.

ఇప్పుడు కోళ్ళ దగ్గరికి వస్తాను.

1898లో అమెరికాలో థార్న్‌డైక్ అనే ఆయన పిల్లులను పెట్టెల్లో పెట్టి, బయట తిండి పెట్టి చూశాడు. గడియ తీసే పని ఏదో తగిలి తిండి దొరికితే, ఆ పని మళ్ళీ మళ్ళీ తొందరగా చేస్తాయి. మంచి ఫలితం వచ్చిన పని నిలబడుతుందన్నమాట. అదే కాలంలో రష్యాలో పావ్లోవ్, తిండికి ముందు వచ్చే శబ్దానికే కుక్కలకు లాలాజలం ఊరుతుందని చూపించాడు. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1943లో, యుద్ధం మధ్యలో, మినియాపొలిస్ నగరంలో ఒక పిండిమిల్లు పై అంతస్తులో పావురాలకు బాంబులను దారిలో పెట్టడం నేర్పే పని ఆయనకు అప్పగించారు. బాంబుల పని యుద్ధానికి అక్కరకు రాలేదు. కానీ చిన్న చిన్న మెట్లుగా, ప్రతి మెట్టుకూ గింజలు పెడుతూ పోతే పావురానికి బంతి దొర్లించడం కూడా నేర్పవచ్చని వాళ్ళకు అక్కడే తెలిసింది.

ఆ బృందంలో పనిచేసిన కెల్లర్ బ్రెలాండ్, ఆయన భార్య మారియన్ ఒక నిర్ణయం తీసుకున్నారు. యూనివర్సిటీ చదువు మధ్యలో వదిలేసి, మినెసోటాలో ఒక చిన్న పొలం కొనుక్కుని, 1947లో జంతువులకు నేర్పే వ్యాపారం మొదలుపెట్టారు. మొదటి గిరాకీ పశువుల దాణా అమ్మే కంపెనీ. ఒక కోడి బొమ్మ పియానో వాయిస్తుంది, ఇంకో కోడి కాళ్ళతో తాళం వేస్తుంది, మూడోది అడిగినప్పుడల్లా కొయ్యగుడ్డు "పెడుతుంది". రైతుల సంతల్లో వీటిని చూడటానికి జనం ఎగబడ్డారు.

దీంట్లో కిటుకు ఏంటంటే, కోడిని కొట్టి ఏమీ నేర్పలేం. కోళ్ళు పెంచే ఆడవాళ్ళను అడగండి, చెబుతారు. బెదిరిందంటే అది ఇక మన ఛాయలకు రాదు. సరైన పని చేసిన క్షణంలో ఒక చిన్న శబ్దం చేసి, వెంటనే గింజ వేయడం ఒక్కటే దారి. శబ్దం ఎందుకంటే, పనికీ గింజకూ మధ్య ఆలస్యం ఉంటుంది. ఏ పనికి గింజ వచ్చిందో కోడికి తెలియాలి. ఆ శబ్దాన్ని వాళ్ళు "వంతెన" అన్నారు.

ఇదే పద్ధతి కుక్కలకు చెప్పబోతే కుక్కల శిక్షకులు పట్టించుకోలేదు. చేతిలో గొలుసు ఉన్నవాడికి గింజ అవసరం ఏముంది? 1951లో స్కిన్నర్ కూడా ఒక సైన్సు పత్రికలో, టిక్కుమనే ఆటబొమ్మ, తిండి ముక్కలు ఉంటే ఇంట్లో కుక్కకు ఎవరైనా నేర్పవచ్చని రాశాడు. అదీ మూలన పడింది.

బ్రెలాండ్ దంపతులు గొప్పలు చెప్పుకునే రకం కాదు. 38 జాతులు, 6000కు పైగా జంతువులతో పనిచేసినాక, 1961లో తమ ఓటమిని కూడా వాళ్ళే రాశారు. ఒక పందికి కొయ్య బిళ్ళలు తీసుకుపోయి డబ్బాలో వేయడం నేర్పారు. మొదట్లో ఉరుకులు పరుగుల మీద చేసింది. వారాలు గడిచేసరికి బిళ్ళను కింద పడేసి, మూతితో పెళ్ళగించి, ఎగరేసి, మళ్ళీ పెళ్ళగించేది. నాలుగు బిళ్ళలను ఆరడుగులు మోయడానికి పది నిమిషాలు! పంది పందే. పుట్టుగుణాన్ని గింజ కూడా పూర్తిగా మార్చలేదు. చేలో పందులతో వేగే మనకు ఈ మాట కొత్తగా చెప్పాలా? కుక్కకు కూడా ఇది వర్తిస్తుంది. వాసన పట్టుకుని పోవడం దాని పుట్టుగుణం. ఆ సాయంత్రం నల్లోడు చేసింది అదే.

కుక్కల దాకా ఈ పద్ధతి వచ్చింది సముద్రం మీదుగా. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయలేం, కోప్పడితే ఈదుకుంటూ అవతలికి పోతుంది. అందుకే వాటికి ఈల, చేప తప్ప వేరే దారి లేదు. 1963 నుంచి హవాయి దీవుల్లో డాల్ఫిన్లకు నేర్పిన కారెన్ ప్రయర్ 1984లో ఒక పుస్తకం రాసింది. దాని పేరుకు అర్థం "కుక్కను కాల్చేయకండి" అని. ఆమె 1990ల మొదట్లో కుక్కల వాళ్ళకు సదస్సులు పెట్టి టిక్కు శబ్దంతో నేర్పడం చూపించాక అది ఊపందుకుంది. అంతకుముందే 1982లో ఇయన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాలిఫోర్నియాలో చిన్న కుక్కపిల్లలకు తాడు లేకుండా, ఆటతో, తిండితో తరగతులు మొదలుపెట్టాడు. పిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా మనుషులకు, శబ్దాలకు బాగా అలవాటుపడే వయసని స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు 1965లోనే పుస్తకంగా రాసి ఉన్నారు. అంతవరకు కుక్కకు ఆరు నెలలు నిండాకే నేర్పాలనేవాళ్ళు. అప్పటికి గొలుసు లాగి అదిలించేంత బలం మెడకు వస్తుందని!

కెల్లర్ 1965లో చనిపోయాడు. మారియన్ తర్వాత బాబ్ బెయిలీ అనే, అమెరికా నౌకాదళంలో డాల్ఫిన్లకు నేర్పిన ఆయనను పెళ్ళి చేసుకుంది. వాళ్ళు ఆర్కాన్సాస్‌లో కుక్కల శిక్షకులకు తరగతులు పెట్టారు. తరగతిలో కుక్కలు ఉండవు, కోళ్ళు ఉంటాయి. ముందు కోడికి నేర్పు, తర్వాత కుక్క దగ్గరికి పో అని.

ఇదంతా జాలి మాటలేనా, లెక్కలు ఉన్నాయా అంటే ఉన్నాయి. 2004లో ఇంగ్లండులో 364 మంది కుక్కల యజమానులను అడిగి చూస్తే, బహుమానంతో నేర్పినవాళ్ళ కుక్కలు మాట ఎక్కువ వింటున్నాయని, శిక్ష వాడేవాళ్ళ కుక్కల్లో సమస్యలు ఎక్కువని తేలింది. దెబ్బల వల్ల సమస్యలా, సమస్యల వల్ల దెబ్బలా అన్నది ఆ సర్వే ఒక్కటే తేల్చలేదు. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కలను శిక్షణ తరగతుల్లోనే గమనించి, లాలాజలం పరీక్ష చేశారు. దండించే తరగతుల కుక్కల్లో భయం గుర్తులు, ఒత్తిడి హార్మోను ఎక్కువగా కనిపించాయి. వేల్స్ దేశం 2010లోనే కరెంటు షాకు పట్టీలను నిషేధించింది.

మరి ఇంత తెలిసినా కట్టె ఎందుకు పోదు? నాకు తోచింది చెబుతాను. దెబ్బ వేయగానే కుక్క ఆ క్షణానికి ఆగిపోతుంది. కొట్టినవాడికి వెంటనే ఫలితం కనబడుతుంది. అంటే అక్కడ బహుమానం దొరికింది కుక్కకు కాదు, మనకు. అందుకే మనం మళ్ళీ కట్టె పట్టుకుంటాం. నష్టం తర్వాత తెలుస్తుంది, పిలిచినప్పుడు. ఇంట్లో పసిపిల్లలు ఉంటే ఇంకా ఆలోచించాలి. బెదిరిన కుక్కే కదా కరిచేది.

నల్లోడి సంగతి చెప్పి ముగిస్తాను. పాత పిలుపు వాడికి దెబ్బతో ముడిపడిపోయింది కాబట్టి దాన్ని వదిలేసి నాలుకతో "టొక్" అనడం మొదలుపెట్టాను. జొన్నరొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్డు జేబులో. మొదటి నాలుగు రోజులు వాడు నా వైపు తల తిప్పితే చాలు, "టొక్", ముక్క అక్కడికే విసిరాను. తర్వాత ఒక అడుగు వేస్తే. తర్వాత ఐదడుగులు వేస్తే. వచ్చినప్పుడల్లా పట్టుకుని కట్టేయలేదు, ముక్క పెట్టి మళ్ళీ వదిలేశాను. లేకపోతే రావడం అంటే కట్టు పడటం అని నేర్చుకుంటాడు. ఎంత ఆలస్యంగా వచ్చినా ఒక్క మాట అనలేదు. చేతి వరకూ రావడానికి ఐదు వారాలు పట్టింది.

రెండు దెబ్బలకు ఐదు వారాలు. అదీ లెక్క. ఇప్పటికీ నా చేతిలో కట్టె ఉంటే కొంచెం పక్కగానే నడుస్తాడు. అందుకే గట్టు మీద పాముల భయం ఉన్నా, వాడిని పిలిచే ముందు కట్టె కింద పెట్టి పిలుస్తున్నాను.