అమ్మే ముందు కారుకు తక్కువ ఖర్చుతో ముస్తాబు: ఏది చేయాలి, ఏది చేయకూడదు

రాయవరం: మన ఇళ్లలో కారు అమ్మకానికి పెట్టేది చాలాసార్లు అవసరం తరుముకొచ్చినప్పుడే. ఆడపిల్ల నిఖా కుదిరింది, అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాలి, లేదా కువైట్ వీసా వచ్చింది. వారం పది రోజుల్లో డబ్బు కావాలి. అప్పుడు కొబ్బరి చెట్టు కింద నెలల తరబడి నిలబడ్డ ఆల్టోనో, వ్యాగనారో ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్లి రామచంద్రపురంలోనో, మండపేటలోనో కన్సల్టెన్సీ ముందు ఆపుతాం. అక్కడాయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "బయటే ఇలా ఉంటే లోపల ఇంజన్ సంగతేంటండీ" అని బేరం మొదలుపెడతాడు. ఆ ఒక్క మాటతో తగ్గేది వందలు కాదు, వేలు.

ఈ నష్టంలో చాలా భాగం రెండు రోజుల శ్రమతో, కొద్దిపాటి ఖర్చుతో తప్పించుకోవచ్చు. అయితే ఒక గీత గుర్తుంచుకోవాలి. మురికి పోగొట్టడం వేరు, లోపం కప్పిపుచ్చడం వేరు. మొదటిది ధర పెంచుతుంది. రెండోది బేరం చెడగొడుతుంది, పేరూ చెడగొడుతుంది.

ముందు కాగితం మీద లెక్క

పగటి వెలుతురులో కారు చుట్టూ తిరిగి, కనిపించిన ప్రతి లోపం రాసుకోండి. దాన్ని మూడు భాగాలు చేయండి. ఒకటి, శ్రమతో పోయేవి: బురద, మరకలు, వాసన. రెండు, చిన్న ఖర్చుతో పోయేవి: కాలిపోయిన బల్బు, అరిగిన వైపర్ రబ్బరు, ఊడిన వీల్ క్యాప్. మూడు, పెద్ద ఖర్చువి: పెద్ద సొట్టలు, క్లచ్, సస్పెన్షన్, తుప్పుతో పడ్డ చిల్లులు. మొదటి రెండూ చేయించండి. మూడోది చేయించకుండా, కొనేవారికి చెప్పి ధరలో సర్దుకోవడమే చాలాసార్లు లాభం. ఎందుకంటే పెద్ద రిపేరుకు పెట్టిన మొత్తం అమ్మకం ధరలో పూర్తిగా తిరిగి రావడం అరుదు.

ఉదాహరణకు కారుకు 2 లక్షలు వస్తుందనుకుంటే, ముస్తాబు ఖర్చు 4,000 దాటకుండా చూసుకోండి. అంటే నూటికి రెండు రూపాయలు. అంతకు మించుతుంటే ఆగి మళ్లీ లెక్క వేసుకోవాలి.

కడగడంలోనూ పద్ధతి ఉంది

మన డెల్టా ఊళ్లలో కారుకు పట్టేది మామూలు దుమ్ము కాదు. కాలవ గట్ల బురద, కోతల రోజుల్లో వరి ధూళి చక్రాల పైభాగంలో, తలుపుల అంచుల్లో పేరుకుపోతాయి. అక్కడ తేమ నిలిచి తుప్పు మొదలవుతుంది. అందుకే వాటర్ సర్వీసింగ్‌కి ఇస్తే కింది భాగం, చక్రాల లోపలి గుంతలు కూడా కడగమని చెప్పండి.

ఇంట్లో కడిగితే నీడలో కడగండి. గిన్నెలు తోమే సబ్బు వాడితే పెయింట్ మీది వ్యాక్స్ పోతుంది. కారు షాంపూ తీసుకోండి. రెండు బకెట్లు పెట్టుకుని ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో గుడ్డ జాడించుకునే నీళ్లు ఉంచండి. లేకపోతే గుడ్డకు అంటిన ఇసుకే కొత్త గీతలు పెడుతుంది. పక్షి రెట్టలు గోకకుండా తడిగుడ్డ వేసి నానబెట్టి తీయాలి.

బోనెట్ లోపల మాత్రం ప్రెషర్ నీళ్లు కొట్టించొద్దు. ఫ్యూజ్ బాక్సులోకో, ఆల్టర్నేటర్‌లోకో నీళ్లు చేరితే లేని రిపేరు వస్తుంది. చల్లబడ్డ ఇంజన్‌ను తడి గుడ్డతో తుడిస్తే చాలు. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లగా పూత పడితే, ముందు వైర్లు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్షు పెట్టి రుద్ది, ఆరాక కొద్దిగా వాజలిన్ రాయండి.

గీతలకు గోరు పరీక్ష

గీత మీద గోరు అడ్డంగా జరపండి. గోరు తగలకుండా జారిపోతే ఆ గీత పై పూతలోనే ఉన్నట్టు. రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది. గోరు అడ్డం పడితే గీత లోతుగా దిగినట్టు. అక్కడ టచప్ పెయింట్ వేయాలి. అందుకు మీ కారు రంగు కోడు కావాలి. చాలా కార్లకు ఇది బోనెట్ కింద ప్లేటు మీదో, డోర్ పిల్లర్ మీదో ఉంటుంది.

కాంపౌండ్ అంటే పై పూతను కాస్త అరగదీయడమే. ఆ పూత చాలా పలచన, వెంట్రుక మందం కూడా ఉండదు. కాబట్టి గీత ఉన్న చోటే, తక్కువ ఒత్తిడితో రుద్ది, తర్వాత వ్యాక్స్ పాలిష్ వేయండి.

కారు మొత్తానికి కొత్త పెయింట్ మాత్రం వేయించొద్దు. ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా "యాక్సిడెంట్ బండేమో" అన్న అనుమానం వస్తుంది. వ్యాపారుల్లో పెయింట్ మందం కొలిచే చిన్న యంత్రం వాడేవాళ్లూ ఉన్నారు, దాని ముందు ఏదీ దాగదు. రంగు మార్చారంటే సి-బుక్‌లో కూడా మార్పించాలి.

పసుపెక్కిన హెడ్‌లైట్లు

ఇప్పటి హెడ్‌లైట్ల ముందు భాగం గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. ఎండకు దాని పై పూత పోయి పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే కొద్ది రోజులు మెరుస్తుంది, అంతే. కాస్త నిలవాలంటే చుట్టూ పెయింట్‌కి టేపు అంటించి, తడి చేస్తూ 1000, 2000, 3000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, కాంపౌండ్‌తో మెరుగుపెట్టి, ఎండను ఆపే పూత వేయాలి. కొత్త లైట్ల జత కొనడంతో పోలిస్తే ఇది చాలా చవక. కారు ముఖం మార్చేసే పని ఇదొక్కటే అన్నా తప్పులేదు.

లోపల: వాసనే మొదటి మాట

తలుపు తీయగానే కొనేవారి ముక్కుకు తగిలేదే మొదటి అభిప్రాయం. దాని మీద అత్తరో, ఘాటైన ఫ్రెష్‌నరో కొడితే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. మూలం వెతకండి. మ్యాట్లు తీసి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. ఉంటే తలుపులు తెరిచి ఎండలో ఆరబెట్టండి. పొడి సీట్ల మీద రాత్రంతా వంటసోడా చల్లి ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేస్తే వాసన చాలావరకు పోతుంది. ఏసీ వేయగానే ముక్క వాసన వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ మార్చండి. చాలా చిన్న కార్లకు అది వందల్లోనే దొరుకుతుంది.

డ్యాష్‌బోర్డుకు జిడ్డుగా మెరిసే పాలిష్ వద్దు, తడి గుడ్డ చాలు. స్టిక్కర్లు హెయిర్ డ్రయ్యర్ వేడితో మెత్తబరిచి తీయండి, మిగిలిన బంక కొబ్బరినూనెతో పోతుంది. తస్బీలు, దువా కార్డులు, పిల్లల బొమ్మలు అన్నీ తీసేయండి. కొనేవారు అందులో తమ కుటుంబాన్ని ఊహించుకోవాలి కదా. అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉంటే అదీ తీయించండి. సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని నిషేధించింది.

టైర్ల విషయం

అమ్మడం కోసమే కొత్త టైర్లు వేయించడం దండగ. గాడుల మధ్యలో ఉండే అరుగుదల గుర్తుతో టైరు సమానమైపోతే మాత్రం ధరలో తగ్గించి చెప్పండి. ఆ గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. చివరి నాలుగు అంకెలు 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనట్టు. తెలిసిన కొనుగోలుదారు అడుగుతారు, మీరు ముందే చూసుకోండి.

దాచకూడనివి

తిరిగిన కిలోమీటర్లు తగ్గించి చూపడం మోసం. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే బ్యాటరీ తీగ పీకి ఆర్పేసి అమ్మడమూ అంతే. కొన్ని రోజులకు అది మళ్లీ వెలుగుతుంది, ఫోన్ మీకే వస్తుంది. తుప్పు చిల్లు మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం ఇంకా ప్రమాదం. అది ప్రాణాల విషయం.

వరద నీళ్లు ఎక్కిన కారైతే తప్పకుండా చెప్పాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంక గ్రామాలు నీట మునిగాయి. నీళ్లలో నిలిచిన కారు వైరింగ్ లోలోపల తుప్పుపట్టి ఏడాది తర్వాత కూడా మొరాయించొచ్చు.

మదీనా బజారులో ధాన్యం రాశి సంగతి మనలో చాలామందికి తెలుసు. ముహమ్మద్ ప్రవక్త (స) రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని అమ్మేవాడు చెప్తే, ఆ తడిసినదాన్ని జనానికి కనపడేలా పైన పెట్టాలి కదా అన్నారు. వడ్లు అమ్ముకునే మన ఊళ్లలో దీనికి వేరే వివరణ అక్కర్లేదు. కారుకున్న ఐబు ముందే చెప్పేస్తే కొంత ధర తగ్గొచ్చు. కానీ సర్వీస్ బిల్లులన్నీ వరసగా పెట్టి, "ఇదిగో ఈ రెండు లోపాలు ఉన్నాయండి" అని చెప్పిన మనిషి మిగతా మాటలు కూడా నమ్ముతారు. బేరం త్వరగా తెగుతుంది.

తాళాలు ఇచ్చే ముందు కాగితాలు

మెరిసే కారు మంచి ధరకు పోయినా, కాగితాల దగ్గర ఆదమరిస్తే అసలుకే మోసం వస్తుంది. ఫైనాన్స్ తీరిపోయి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో సి-బుక్‌లో ఆ పేరు తీయించండి. చలాన్లు ఉంటే కట్టేయండి. అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే, అమ్మినవారు 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. "పేరు తర్వాత మార్చుకుంటాలెండి" అన్న మాట నమ్మి ఖాళీ ఫారాలు ఇచ్చేయకండి. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కారు అమ్ముడుపోయి పలువురి చేతులు మారింది, రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే మిగిలింది. ప్రమాదం జరిగాక పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది.

ఇంకో నాలుగు విషయాలు. ఫాస్టాగ్ ఖాతా మూసేయండి, లేకపోతే వాళ్ల టోల్ మీ డబ్బుతో కట్టినట్టవుతుంది. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే మళ్లీ కారు కొన్నప్పుడు పనికొస్తుంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒక లావాదేవీలో 2 లక్షలు, అంతకు పైన నగదుగా తీసుకోకూడదు, కాబట్టి బ్యాంకు ద్వారానే తీసుకోండి. డెలివరీ ఇచ్చిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించి ఇద్దరూ సంతకం చేసి, చెరొక కాపీ ఉంచుకోండి.

చివరగా ఫొటోలు. కడిగిన మర్నాడు పొద్దున్నే, ఖాళీ స్థలంలో నాలుగు వైపులా, లోపల, టైర్లు, మీటరు కనపడేలా తీయండి. ఉన్న గీత కూడా ఒక ఫొటోలో పెట్టండి. అది చూసే వచ్చినవారు ఇంటి ముందు నిలబడి ఆ గీత పేరు చెప్పి ధర తగ్గించలేరు.