పైపులకూ ఒక గూడు

పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులోనూ, అమెరికాలోని ఆంగ్ల వలసలలోనూ కలిగిన గృహస్థుల ఇండ్లలో చలిమంట ప్రక్కన గోడకు ఒక సన్నని కొయ్యపెట్టె వ్రేలాడుతుండేది. పైభాగానికి మూత ఉండదు. అడుగున చిన్న సొరుగు. పొడవాటి కాడలు గల మట్టి పైపులను పైన నిలువుగా నిలిపి, పొగాకును సొరుగులో ఉంచుకొనేవారు. (పైపు అన్న మాటనే ఈ వ్యాసంలో వాడుతున్నాను. 'పొగగొట్టం' అంటే మనకు వంటయింటి కప్పే స్ఫురిస్తుంది.) ఒక దురలవాటుకు ఇంట్లో ఇంత మర్యాదైన చోటు ఎందుకు దొరికిందని ప్రశ్నిస్తే, కారణం మట్టి. ఆ కాడ పుల్లవలె విరిగేది. విరగకుండా కాపాడటానికే ఆ పెట్టె పుట్టింది.

అయినా లక్షలాది పైపులు విరిగాయి. లండనులో థేమ్స్ నది ఒడ్డున, ఆటుపోట్లకు నీరు తీసినప్పుడు, ఆ తెల్లని కాడల ముక్కలు నేటికీ దొరుకుతాయి. పారవేసిన ఆ ముక్కలు చరిత్రకారులకు పంచాంగమయ్యాయి! జె.సి.హారింగ్టన్ అనే అమెరికా పురావస్తు పరిశోధకుడు 1954లో ఒక చక్కని సంగతి ప్రకటించాడు. కాలం గడిచేకొద్దీ కాడలోని రంధ్రం సన్నబడుతూ వచ్చిందట. 1600 ప్రాంతంలో అంగుళంలో 64వ వంతులు తొమ్మిది. 1750 తరువాత నాలుగు. కాడ పొడవు పెరిగేకొద్దీ రంధ్రాన్ని సన్నగా చేయవలసి వచ్చిందన్నది ఒక వివరణ. 1962లో లూయిస్ బిన్‌ఫర్డ్ దీనిని గణితసూత్రంగా మార్చాడు. గిన్నె కథ దీనికి విపర్యయం. పొగాకు ప్రియంగా ఉన్న తొలిరోజులలో గిన్నె చాలా చిన్నది. ధర తగ్గేకొద్దీ పెద్దదయింది.

మట్టి తరువాత మీర్‌షామ్ వచ్చింది. తుర్కీ దేశంలోని ఎస్కిషెహిర్ ప్రాంతపు గనులలో దొరికే మెత్తని తెల్లరాయి ఇది. ఆ జర్మను మాటకు అర్థం సముద్రపు నురుగు. మన ఆయుర్వేదంలోని సముద్రఫేనం వేరు, అది కటిల్ చేప ఎముక. రెండింటినీ ఒకటిగా భావించరాదు. వియన్నా శిల్పులు ఈ రాతిపై సింహాలను, స్త్రీమూర్తులను, వేటదృశ్యాలను చెక్కారు. వాడేకొద్దీ తెల్లని రాయి తేనెరంగుకు, పిమ్మట గోధుమవన్నెకు తిరుగుతుంది. ఆ రంగును యజమానులు సొంత సృష్టిగా భావించి మురిసేవారు. ఒక్కొక్క పైపుకు దాని ఆకారానికే సరిపోయే తోలుపెట్టె, లోపల మఖమల్ పరుపు. పసిబిడ్డకైనా అంత మెత్తని శయ్య అమర్చిన వారెందరు!

పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలంలో ఫ్రాన్సు దేశపు సెంట్-క్లోడ్ పట్టణంలో బ్రయర్ అనే పొద మొదలులోని గట్టి కొయ్యతో పైపులు చేయటం ఆరంభమైంది. అవి సులభంగా విరగవు, కాలవు. కనుక గోడపెట్టె స్థానంలో బల్లమీది చిన్న కొయ్య స్టాండు వచ్చింది. వాడిన పైపు ఆరాలి గనుక మరునాటికి మరొకటి కావాలి. ఆ విధంగా ఒక మనిషికి ఆరేడు పైపులు అవసరమయ్యాయి. సేకరణ అనే వ్యసనానికి ఇదొక సాకు.

సేకర్తలలో షెఫీల్డు వాడైన విలియం బ్రాగ్ (1823–1884) అనే ఇంజనీరు స్మరణీయుడు. నలుమూలల దేశాల పైపులను కూడబెట్టి, పొగాకును గురించిన గ్రంథాల పట్టికను 1880లో వెలువరించాడు. ఈయనే సెర్వాంటిస్ రచనలను కూడా సేకరించి బర్మింగ్‌హామ్ గ్రంథాలయానికి దానమిస్తే, 1879 నాటి అగ్నిప్రమాదంలో అవి దగ్ధమయ్యాయి. నిప్పుతో వాడే పైపులు బూడిద కాలేదు, పుస్తకాలు కాలిపోయాయి.

మన దక్కనుకు వద్దాం. బిజాపూరు నుండి తిరిగివచ్చిన అసద్ బేగ్ సుమారు 1604-05లో అక్బరు సన్నిధిలో రత్నాలు తాపిన పొగాకు గొట్టాన్ని ఉంచాడు. చక్రవర్తి ఒకటి రెండు దమ్ములు పీల్చాడు. వైద్యుడు వద్దని వారించాడు. ఇంచుమించు అదే సమయంలో, 1604లో, ఇంగ్లండు రాజు జేమ్స్ పొగాకును ఖండిస్తూ స్వయంగా ఒక పుస్తకం వ్రాశాడు. 1617లో జహంగీరు నిషేధించాడు. రాజశాసనాలు ఓడాయి, హుక్కా గెలిచింది. దానికి బీదరు పనివారు కుదుళ్ళు పోశారు. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, బీదరు కోటమట్టిని నవాసాగరంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఇటువంటి బిద్రీ పనిని హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు. అదీ మొదట ఒక ఇంటి సేకరణే. మూడవ సాలార్‌జంగ్ 1949లో మరణించాక, ఆయన నివాసమైన దివాన్ దేవ్‌డీలోనే 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో ఇప్పటి భవనానికి మార్చారు.

కొందరు మిత్రులు "చరకుడే ధూమపానం చెప్పాడు కదా" అంటుంటారు. చెప్పాడు, 'ధూమనేత్రం' అనే గొట్టాన్నీ, దాని పొడవునూ అంగుళాలలో నిర్దేశించాడు. అయితే అందులో వేసేది ఓషధుల వర్తి. పొగాకు అమెరికా ఖండం నుండి వచ్చిన మొక్క, చరకుడు ఎరుగడు.

ఇంట్లో తాతలనాటి పైపో, హుక్కా కుదురో ఉన్నవారికి రెండు మాటలు. నల్లని ఎబొనైటు మూతి గల పైపును ఎండతగిలే అద్దాల బీరువాలో ఉంచకండి. వెలుతురుకు అది ఆకుపచ్చగా, గోధుమగా మారుతుంది. దాని గంధకపు ఆవిరి ప్రక్కనున్న వెండిని నల్లబరుస్తుంది. కనుక మూసిన బీరువాలో వెండిపనితో కలిపి ఉంచరాదు. మీర్‌షామ్‌ను మెత్తని గుడ్డతో పట్టుకోవాలి. బిద్రీని వెండి పాలిషుతో తోమితే నలుపు పోతుంది, నలుపు పోతే బిద్రీయే పోయినట్టు. వస్తువు క్రింద అది ఎవరిదో, ఎప్పటిదో చీటీ వ్రాసి పెట్టండి. అది లేని హుక్కా ఒక లోహపు ముద్ద మాత్రమే.

ఇక తెలుగునాట వాడుక చుట్ట. దానికి గూడు అవసరం లేదు, కాలి పోతుంది. ఉత్తరాంధ్ర తీరంలో పేద స్త్రీలు చుట్టను వెలిగిన కొసే నోటిలోకి త్రిప్పి 'అడ్డపొగ' పీల్చేవారు. అంగిట పుట్టే క్యాన్సరుకు వైద్యులు దానినే కారణంగా గుర్తించారు. ఆ స్త్రీల వద్ద మఖమల్ పెట్టెలు లేవు, వెండిపని లేదు. పొగాకు బేరన్లలో ఆకు గుచ్చిన కూలీల వద్దా లేవు. వెనుకటి పెద్దల మొలకు వ్రేలాడిన చెకుముకి సంచి ఒక్కటి మిగిలింది: రాయి, ఉక్కుముక్క, కాస్త దూది. అది ఎవరి ఇంటనైనా అటకమీద ఉంటే క్రిందికి దించి, దుమ్ము దులిపి, దానికీ ఒక చీటీ వ్రాయండి.