ముదిమిలో తొట్రుపాటు

ఇంటిలోని పెద్దవారు జారిపడి కాలు విరిగినప్పుడు "వయసు మీరినది, ఏమి చేయుదుము?" అనుట మనకు పరిపాటి. ఆ మాటలో జాలి ఉన్నది గాని విచారణ లేదు. మనిషి పడుటకు కారణమేమి, పడినంత మాత్రమున ఎముక విరుగుటకు కారణమేమి అను రెండు ప్రశ్నలను విడదీసి చూచుటకు వైద్యశాస్త్రమునకు చిరకాలము పట్టినది. ఆ కథను సంగ్రహముగా చెప్పదలచితిమి.

విరిగిన ఎముకను అతుకు విద్య మన దేశమున ప్రాచీనమైనది. సుశ్రుత సంహిత భగ్నములను పలు తెగలుగా విభజించి, చెట్ల పట్టలతోను వెదురు బద్దలతోను కట్టు కట్టు విధమును చెప్పుచున్నది. తొలి వయసున ఒక మాసములో అతుకు ఎముకకు నడివయసున రెండు మాసములు, ముదిమిలో మూడు మాసములు పట్టునని ఆ గ్రంథము లెక్క కట్టినది.

1822లో లండను శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ కీళ్ల గాయములను గూర్చి ఒక గ్రంథము వెలువరించెను. వృద్ధులలో, అందును స్త్రీలలో, తొడ ఎముక మెడ అత్యల్ప కారణమునకే విరుగుచున్నదని ఆయన గమనించెను. ఎత్తైన కాలిబాట అంచు నుండి కాలు జారుటయే లండనులో ఇందుకు తరచైన హేతువని వ్రాసెను. ఇట్టి గాయము తనకే తగిలినచో చిరకాలము మంచము పట్టి యుండక, త్వరలోనే కుర్చీలో కూర్చుండి, ఊతకర్రలతో లేతుననియు చెప్పెను. ఎముక అతుకుటకన్న మనిషి నిలుచుట ముఖ్యమని ఆయన భావము.

ఎముక గుల్లబారు స్థితికి పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు నగర వైద్యుడు లోబ్‌స్టైన్. ముట్లుడిగిన స్త్రీలలో అది హెచ్చగుటను 1941లో బోస్టను వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ వివరించెను. అంతకు పది సంవత్సరములకు ముందు, 1931లో, అదే నగరమున స్మిత్-పీటర్సన్ విరిగిన తొడ ఎముకను మూడు రెక్కల ఉక్కు మేకుతో బిగించు పద్ధతిని ప్రకటించెను. వృద్ధులు మంచము దిగుటకు అది మార్గము చూపినది.

మంచమే శత్రువని చాటినది ఒక స్త్రీ. 1935 నుండి పశ్చిమ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్, ఏండ్ల తరబడి పడకకే అంటియున్న వృద్ధులను పరీక్షించి, తగిన కుర్చీలు, పట్టుకమ్ములు, మంచి వెలుతురు అమర్చి అనేకులను నడిపించెను.

ఇక పడుట సంగతి. వుల్వర్‌హాంప్టను వైద్యుడు జోసెఫ్ షెల్డన్ 1960లో 202 మంది వృద్ధులు పడిన 500 సందర్భములను విమర్శించి ప్రకటించెను. వానిలో సుమారు మూడవ వంతు కేవలము ప్రమాదములు. వానిలో మెట్లపై జరిగినవి పెక్కు. చివరి మెట్టు దిగితిమని భ్రమించి అడుగు వేయుట, పట్టుకొనుటకు కమ్మి లేకుండుట, చాలని వెలుతురు: ఇవి ఆయన కనుగొన్న హేతువులు. ఇవి కర్మఫలములు కావు. వడ్రంగియు దీపమును తీర్చగల లోపములు.

1997లో న్యూజీలాండు దేశపు డనీడిన్ వైద్యులు 80 ఏండ్లు దాటిన 233 మంది స్త్రీలతో జరిపిన పరిశోధన మరియొక అడుగు. ఇంటివద్దనే కాళ్ల బలమునకు, నిలుకడకు వ్యాయామము నేర్చినవారు పడుట గణనీయముగా తగ్గెను. పడుదుమను భయముతో కదలకుండువారికి కండలు క్షీణించును; క్షీణించిన కండలే వారిని మరల పడవేయును.

మన నాట కొరతయు కలదు. ఇంత ఎండ కాయు తిరుపతి ప్రాంతమున సైతము ఆరోగ్యవంతులలో డి విటమిను లోపము, ఆహారమున కాల్షియము లోపము విరివిగా ఉన్నవని అచటి వైద్యులు 2007లో వెల్లడించిరి. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. పేదల తిండియని త్రోసివేసిన అంబలి విలువ మనకు ఆలస్యముగా తెలిసినది.

పెద్దలను "కదలకుము" అని వారించుట ప్రేమయే. అయినను పెరటి మెట్టుకు కమ్మి బిగించి, స్నానపుగదిలో పాచి కడిగి, రాత్రి నడవలో దీపముంచి, "నెమ్మదిగా నడువుము, మేమున్నాము" అనుట అంతకు మించిన ప్రేమ.