ఆది జాకెట్టూ – కారు తలుపూ

కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే మనం టైలరుకి ఆది జాకెట్టు ఇచ్చి వస్తాం. అతను దాన్ని చూసి, అచ్చు అలాగే కుట్టి ఇస్తాడు. తీరా వేసుకుంటే చంక దగ్గర పట్టేస్తుంది. "ఆది ఎలా వుందో అలాగే కుట్టానమ్మా!" అంటాడు. అబద్ధం కాదు. ఆది జాకెట్టు నాలుగేళ్ళు మన ఒంటిమీద వుండి, మన తీరుకి వచ్చేసింది. కొత్తది ఇంకా రాలేదు. అంతే తేడా!

ఈ సంగతి నాకు ఇంగ్లండులో, ఓ కారు తలుపు ముందు నిలబడినప్పుడు గుర్తొచ్చింది. నవ్వకండి. కార్ల గురించి నాకు తెలిసిందల్లా ఎక్కడం, దిగడం. చదివింది బి.ఏ., రాసేవి నవలలు. మా చెల్లెలు వాళ్ళు ఆక్స్‌ఫర్డుకి దగ్గర్లో అబింగ్డన్ అనే వూళ్ళో వుంటారు. కిందటేడు వేసవిలో అక్కడ రెండు నెలలున్నాను. పక్కింటి షెడ్డులోంచి రోజూ టకటకమని సుత్తి చప్పుడు. ఎవరో మెకానిక్కు కాబోలు అనుకున్నాను. చూద్దును కదా, డెబ్భయి అయిదు దాటిన పెద్దావిడ!

"అది వాళ్ళాయన కారు అక్కా. ఆయన పోయి మూడేళ్ళయింది. అది మళ్ళీ రోడ్డెక్కితేగాని ఈవిడకి నిద్రపట్టేట్టు లేదు" అంది మా చెల్లెలు.

ఆ కారు ఎం.జి.బి. 2019 నుంచి మన రోడ్లమీద తిరుగుతున్న హెక్టర్ కార్లకి ముందువైపు ఎనిమిది మూలల బిళ్ళలో ఎం.జి. అని వుంటుంది చూడండి, ఆ పేరే. ఇప్పుడది చైనా కంపెనీ చేతిలో వుందిగాని, పుట్టిల్లు మాత్రం ఆక్స్‌ఫర్డు. విలియం మోరిస్ అనే ఆయన గ్యారేజీల పేరు మోరిస్ గ్యారేజెస్. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే ఎం.జి. 1922లో అక్కడ మేనేజరైన సెసిల్ కింబర్, మోరిస్‌గారి మామూలు కార్లకి కొత్త ఒళ్ళు తొడిగి, హుషారైన స్పోర్ట్సు కార్లుగా అమ్మడం మొదలుపెట్టాడు. 1929లో ఫ్యాక్టరీ అబింగ్డన్‌కి వచ్చింది. యాభయ్యేళ్ళపాటు ఆ వూళ్ళో ఎన్నో ఇళ్ళకి అన్నం పెట్టింది.

1962లో వచ్చిన ఎం.జి.బి. అక్కడ పుట్టిన కార్లన్నిటిలోకీ పేరుమోసింది. మొత్తం అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో చాలా భాగం ఓడలెక్కి అమెరికా వెళ్ళిపోయాయి. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కార్లు మిగిలాయి, వాటికి తుప్పు పట్టసాగింది. ఎనిమిదేళ్ళ తర్వాత, 1988లో, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ రేకుల్ని నొక్కే పాత అచ్చుల్ని వెతికి పట్టుకొని, ఎం.జి.బి.కి పూర్తి ఒంటినే కొత్తగా చేసి అమ్మడం మొదలుపెట్టింది. కన్నతల్లిలాంటి ఫ్యాక్టరీ పోయినా, బిడ్డలకి బట్టలు కుట్టేవాళ్ళు దొరికారన్నమాట!

పక్కింటావిడ కారు 1967 నాటిది. గుడ్డ టాపు. వాళ్ళ పెళ్ళయిన ఏడాది, 1972లో, పాతబండిగా కొన్నారట. రెండు తలుపులకీ కింది అంచులు తుప్పుపట్టిపోయాయి. వాననీళ్ళు కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి దిగుతాయి. అవి పోవడానికి అడుగున చిన్న చిల్లులుంటాయి. దుమ్ముతో అవి పూడుకుపోతే నీరు నిలిచి రేకుని తినేస్తుంది. మన వంటింటి తూము సంగతే!

డ్రైవరువైపు తలుపు బాగుచెయ్యడానికి వీల్లేకపోయింది. ఆవిడ కొత్తది తెప్పించింది. దానికీ జాతకం చూడాలి. 1965కి ముందు బళ్ళకి పట్టి లాగే హ్యాండిలు, తర్వాతవాటికి బొత్తాం నొక్కేది. ఏడాది తెలియకుండా కొంటే హ్యాండిలే పట్టదు. అన్నీ చూసి తెచ్చిన తలుపే. అయినా బిగించబోతే పైన కారుకి ఆనుకుంటోంది, కింద వేలు దూరేంత సందు!

"తిరిగి ఇచ్చెయ్యకపోయారా?" అన్నాను.

"తలుపు బాగానే వుంది. వంగింది కారు" అంది ఆవిడ నవ్వుతూ.

తర్వాత అర్థమైంది. ఈ కారుకి విడిగా చట్రం లేదు, ఒళ్ళే చట్రం. పైకప్పు కూడా లేదు కాబట్టి బలమంతా తలుపుకింద గడపలా వుండే గుల్ల ఉక్కుపెట్టెలోనే వుంది. గడపకి తుప్పుపడితే కారు నడుం కుంగుతుంది. తలుపు సందు పైన ఇరుకైపోతుంది. అందుకని ముందు కారు నడుం నిలబెట్టి, తలుపు వుండే చోట అడ్డంగా ఇనుపకడ్డీలు బిగించి, అప్పుడు పాతగడప కోసి కొత్తది పెట్టాలి. పూర్తిగా వెల్డింగు చెయ్యకముందే తలుపు తగిలించి చూసుకోవాలి. చుట్టూ వుండే రబ్బరు కూడా మొదట పెట్టకూడదు, కొత్త రబ్బరు బిరుసుగా వుండి తలుపుని తోసేస్తుంది. మడతబందుల దగ్గర సన్నటి రేకుముక్కలు పెడుతూ, తీస్తూ నాలుగు రోజులు! ముందువైపు మడ్‌గార్డు బోల్టులతో బిగించేది కాబట్టి, అది చివరికి తలుపునిబట్టి సర్దుకుంటుంది.

"మరి మొదట్లో ఫ్యాక్టరీలో ఎలా సరిపోయేవి?" అని అడిగాను.

"సరిపోయేవి కావు, సరిపెట్టేవాళ్ళు" అందావిడ. ఆమె భర్త వయసులో వున్నప్పుడు కార్ల ఒళ్ళు కూర్చే పనిలోనే వుండేవాడట. "చేత్తో తడిమి, మోకాలితో ఓ తోపు తోసి, మళ్ళీ చేత్తో తడిమి చూసేవాడు."

ఎడమవైపు తలుపు ఆవిడ కూర్చునే వైపుది. లోపలి చట్రం గట్టిగానే వుంది. దాన్ని పారెయ్యనివ్వలేదు. పై రేకు మాత్రం ఒలిచి, కొత్తరేకు పరిచి, అంచులు చట్రం చుట్టూ మడిచి సుత్తితో మెల్లగా కొట్టింది. నేను విన్న టకటకలు అవే. అది బిగించాక చూస్తే వెనకవైపు సందు పైకంటే కింద కాస్త వెడల్పు. సాయం వచ్చిన కుర్రవాడు, "రేకుముక్క వేస్తే సమానమైపోతుంది" అన్నాడు. ఈ రోజుల్లో పాతకార్లు బాగుచేసేవాళ్ళు ఫ్యాక్టరీవాళ్ళకంటే నాజూగ్గా చేస్తారట. సందులన్నీ గీత గీసినట్టుంటాయి.

"వద్దు" అంది ఆవిడ. "మేం కొన్ననాడూ ఇంతే. చలికాలం ఇక్కణ్ణుంచి నా మోకాలికి గాలి కొట్టేది. ఆయన తన కోటు తీసి కప్పేవాడు."

కుర్రవాడు రేకుముక్క జేబులో వేసుకున్నాడు. నాకు మాట రాలేదు. చరిత్ర అంటే తేదీలు, రాజులు అని చదువుకొని పరీక్ష రాసినదాన్ని. అరంగుళం కూడా లేని సందులో వుంటుందని ఎవరూ చెప్పలేదు.

నేను బయల్దేరే ముందురోజు ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని వూరంతా తిప్పింది. కొత్త తలుపు ఆవిడవైపు, పాతది నావైపు. నిజమే, మోకాలికి చల్లగా గాలి తగిలింది. నేను పమిట కప్పుకున్నాను.