కొండమొక్క కురచదనం

ఆల్ప్స్ పర్వతాలలో చెట్లు పెరగని ఎత్తులకు పోయినచో చేమంతి కుటుంబానికి చెందిన చిన్న మొక్కలు అనేకం కనిపించును. వాటి ఆకులు నేలకు అంటుకొని ఉండును. కొన్నిటి కాండాలు మట్టిలోనే పాకుచు పిలకలు వేయును. పల్లంలో ఉండే వాటి బంధువులు మాత్రం నిటారుగా ఎదుగును. ఈ కురచదనం చలిగాలి ఇచ్చినదా? లేక విత్తనంలోనే ఉన్నదా? ఈ ప్రశ్న తేలడానికి సుమారు డెబ్బది సంవత్సరాలు పట్టినది.

1875లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు కెర్నర్ సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఒక తోట వేసి, అందులో పల్లపు మొక్కల విత్తనాలు చల్లినాడు. మొక్కలు పొట్టివైనవి. కాని వాటి విత్తనాలను తిరిగి పల్లంలో చల్లగా పూర్వపు ఎత్తే వచ్చినది. మార్పు సంతానానికి అందలేదన్నమాట.

1880 దశకం నుండి ఫ్రాన్సులో బోనియే మరొక మార్గం పట్టినాడు. మనవారు చేమంతి పిలకలను విడదీసి నాటినట్లే, ఆయన ఒకే మొక్కను చీల్చి ఒక ముక్కను కొండమీద, ఒక ముక్కను పల్లంలో నాటినాడు. విత్తనాలలో ఒకదానికొకటి భేదం ఉండవచ్చును; ముక్కలలో వారసత్వం ఒక్కటే. ఉపాయం చక్కనిదే. అయితే కొన్ని పల్లపు జాతులు కొండ జాతులుగా మారిపోయినవని ఆయన ప్రకటించినాడు. ఇతరులకు ఆ ఫలితం రాలేదు. కాపలా లేని ఆ మళ్ళలోకి స్థానికపు మొక్కలే చొరబడి ఉండవచ్చునని తరువాతివారు భావించినారు.

1922లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ట్యూరెసన్ వేరువేరు తావుల మొక్కలను ఒకే తోటలో పెంచి, తావునుబట్టి వారసత్వ భేదాలు ఉన్నవని చూపినాడు. పిమ్మట కాలిఫోర్నియాలో క్లాసెన్, కెక్, హీసీ అను మువ్వురు చేమంతి కుటుంబానికే చెందిన అకిలియాను తీసుకొని, దాని ముక్కలను 30, 1,400, 3,050 మీటర్ల ఎత్తులలో మూడు తోటలలో నాటినారు. 1948లో ఫలితాలు వెలువడినవి. కొండ అకిలియా పల్లంలో కూడ కురచగానే ఉన్నది. పల్లపు అకిలియా కొండమీద నీరసించినది. అయినను ఒకే మొక్క ముక్కలు మూడు తోటలలో మూడు తీరుల పెరిగినవి. కాబట్టి హద్దు గీచునది వారసత్వం. ఆ హద్దులో రూపు దిద్దునది పరిసరం.

ఇది తోటమాలికి కూడ పాఠమే. కోసుకొనిపోయిన కొండవాలుపై మరల మొక్కలు పెంచదలచినవారు జాతి పేరు చూచినంతమాత్రాన చాలదు. విత్తనం ఏ ఎత్తునుండి వచ్చినదో కూడ విచారించవలెను.

విద్యార్థులు ఒకే చేమంతి దుబ్బునుండి రెండు పిలకలు తీసి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెంచి చూడవచ్చును. కుండీలపై చీటీలు అంటించుట మాత్రం మరువరాదు!