దూబగుంట పాఠం

రా అమ్మణ్ణీ, ఇట్టా నా పక్కన కూర్చో. ఒరే అబ్బయా, ఆ మొద్దు రవ్వంత ఎగదొయ్యి, పొగొస్తా ఉండాది. భోగి మంట ఎగిసెగిసి మండితే చాలదు, తెల్లారేదాకా నిలబడాల.

నిన్న బ్యాంకు కాగితం మీద నేను సంతకం పెడతా ఉంటే నవ్వినావు గదా, ‘అవ్వా, నీ సంతకం కట్టెలు పేర్చినట్టుండాది’ అని. నవ్వు, నవ్వు. ఆ కట్టెలు పేర్చను నాకు నలభై ఏళ్లు పట్టింది.

నన్ను రెండో తరగతిలో బడి మాన్పించినారు. తమ్ముడు పుట్టినాడు, వాణ్ణి ఎత్తుకోను మనిషి కావాల. అంతే. ఎవరూ తిట్టలా, కొట్టలా. ఊళ్లో బడుంది, అయ్యవారున్నారు, పలకుంది. ఆ పలక ఎవరి చేతికి రావాలో మాత్రం బడి తేల్చలా, ఇల్లూ వీధీ తేల్చినాయి. అరుంధతీవాడ పిలకాయలకైతే ఆ బడి గడపే ఎత్తు. నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడే నెల్లూరు పోయి చదువుకుని నాకు ఉత్తరాలు రాసేవాడు. పోస్టుమాన్‌నే చదివిపెట్టమనేదాన్ని. మా ఇంటి గుట్టు మీ తాత కంటే ఆయనకే జాస్తి తెలుసు.

1991లో అక్షరదీపం అన్నారు. జిల్లా మొత్తం, మెట్టా డెల్టా అని లేకుండా, చదువురానోళ్లందరికీ చదువన్నారు. ముందు కళాజాత వాళ్లు వచ్చి రామాలయం కాడ డప్పు కొట్టి ఆడి పాడినారు. నిజం చెప్తుండా, మేం పోయింది పాటల కోసమే. ఆ వెనకాలే పలకలొచ్చినాయి, వాచకాలొచ్చినాయి. ఇంటరు తప్పిన పిల్లోడు మాకు వాలంటీరు. పొద్దుగూకినాక గిన్నెలు తోమి, పిలకాయల్ని పండేసి, లాంతరు కింద చేరేవాళ్లం. మగోళ్లు మొదట్లో నలుగురైదుగురు వచ్చినారు. వారం తిరక్కముందే వాళ్ల కాళ్లు సారా కొట్టు దోవ పట్టినాయి.

బలపం పట్టుకుంటే చేతికి చెమట. పొద్దంతా పొగాకు గుచ్చిన వేళ్లు, ఎంత రుద్దినా జిగురు వదిలేది కాదు. నా పలక మీద అక్షరాల కంటే వేలిముద్రలే జాస్తి. ‘ల’ రాయమంటే కొడవలి గీసేదాన్ని.

ఆ వాచకం మీ పుస్తకాల మాదిరి కాదు. ముందు ఒక బొమ్మ. ఏందా బొమ్మ, మీ ఊళ్లో ఇట్టా ఉందా లేదా అని వాలంటీరు అడిగేవాడు. మాట్లాడీ మాట్లాడీ గొంతు పోయినాకే అక్షరం. దాంట్లో సీతమ్మ కథని ఒకటుండేది, తాగుడు కొంపలో ఒక ఇల్లాలి బతుకు ఎట్టా కూలిపోయిందో. అది విన్న రోజు పలక ఎవరూ ముట్టలా. మా వరసలో ఒకామె చీర చెంగు తీసి భుజం చూపించింది. ఎవరు కొట్టినారని ఎవరూ అడగలా. అడగను ఏముంది?

చదువు వచ్చేసింది, కళ్లు తెరుచుకున్నాయి, తిరగబడినాం అని ఉపన్యాసాల్లో చెప్తారే, నాకు నవ్వొస్తది. మాలో సగం మందికి అప్పటికి పేరు రాయను కూడా రాలేదు. అక్షరం కంటే ముందు మాకు దొరికింది ఆ లాంతరు కింద చోటు. మొగుడూ అత్తా లేని చోట, రోజూ రెండు గంటలు, ఇరవై మంది ఆడోళ్లు కూర్చోను ఊళ్లో అప్పటిదాకా యాడుంది? బావి కాడ కూడా బిందె నిండగానే పోవాల.

కలిగిరి మండలంలో దూబగుంట ఉండాది గదా. తాగిన మైకంలో ఇద్దరు చెరువులో పడి చచ్చిపోయినారంట. ఆ ఊరి ఆడోళ్లు లేచి సారా కొట్టు మూయించినారు. వాళ్లల్లో రోసమ్మ పేరు తర్వాత దేశమంతా తెలిసింది. అదట్టుంచు. మా తర్వాతి వాచకంలో ఆ ఊరి సంగతే పాఠమై వచ్చింది, ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని. చూడు ఆ తమాషా! పుస్తకం పోయి ఊరిని కదిలించింది, ఊరు పోయి పుస్తకంలో కూర్చుంది.

నేను ఒకరు చెప్పకుండా, వేలు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి పాఠం అదే. చదవను మూడు రాత్రులు పట్టింది. మూడో రాత్రి అందరికంటే ముసలామె లేచి, ‘ఆ ఊళ్లో ఆడోళ్లకేమన్నా కొమ్ములున్నాయా?’ అనింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు కాడికి పోయినాం. మా వీధి సెంటరు వేరు, అరుంధతీవాడ సెంటరు వేరు. చదువు కూడా వేరువేరు లాంతర్ల కిందే నడిచింది, అది దాయకూడదు. కొట్టు ముందర మాత్రం ఇద్దరం ఒకటే వరసలో నిలబడినాం. వాళ్లే ముందున్నారు, మేం కాదు. పాకెట్ల బస్తా గుంజి నడివీధిలో పారబోసినాం. ఆ వాసన రెండు రోజులు పోలా.

1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పెడితే, ఊరూరి నుంచి ఆడోళ్లు పోయి జరగనీలా. ఎన్నిసార్లు వాయిదా వేసినారో. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆపినారు, 1995లో మందే ఆపినారు. అది రెండేళ్లు నిలబడిందో లేదో, 1997లో ఎత్తేసినారు. ఇప్పుడు బస్టాండు పక్కన షాపు నువ్వూ చూస్తానే ఉండావు. సరే. పొదుపులక్ష్మి మాత్రం నిలబడింది. రోజుకొక రూపాయి దాచుకోను ఆ లాంతరు కింద ఉన్నోళ్లే మళ్లీ చేరినారు. నా మొదటి సంతకం ఆ పొదుపు పుస్తకంలోనే.

మీ తాతా? ఆయన కొట్టు మూసిన వారం నాతో మాట్లాడలా. పక్కూరు పోయి తాగొచ్చేవాడు, ఆ ఊళ్లో మూసేదాకా. ఒక రాత్రి నేను దీపం కాడ ఆ దూబగుంట పాఠమే మళ్లీ చదువుతా ఉంటే, మంచం మీద అటు తిరిగి పడుకుని విన్నాడు. నిద్రపోయినాడనుకున్నా. పుస్తకం మూస్తానే గొంతు సవరించుకుని అడిగినాడు.

‘మేయ్, కొట్టు మనూళ్లో కూడా మూయించినారు గదా. మనూరి పేరు వెయ్యలేదేంది దాంట్లో?’