పాత దూలాల శుద్ధి, మెరుగు

పాత మిద్దె ఇళ్ల కొయ్య దూలాలను శుభ్రపరిచి, పురుగు పట్టకుండా మందు పెట్టి, నూనె లేదా పాలిష్‌తో తిరిగి వాడుకునే పని. ఐరోపాలో పొయ్యిగూటిపై ఉండే ఓక్ దూలాలకు చేసే పని కూడా ఇలాంటిదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు మద్రాసు టెర్రస్ పద్ధతిలో టేకు దూలాల మీద చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చి కప్పు వేసేవారు.

పరీక్ష: గోడలో దిగిన కొసలు చెమ్మకు ముందుగా చెడతాయి. సుత్తితో తడితే గుల్ల శబ్దం వచ్చినా, దబ్బనం సులువుగా దిగినా లోపల పుచ్చిందని అర్థం. సన్నని రంధ్రాల నుంచి తాజాగా పిండి రాలుతుంటే పురుగు ఇంకా ఉన్నట్టే.

శుద్ధి: మేకులన్నీ పీకాలి. సున్నం, మసి ఇత్తడి తీగల బ్రష్‌తో పోతాయి. యంత్రంతో లోతుగా అరగదీస్తే బాడిసె గుర్తులు, కాలం తెచ్చిన రంగు పోతాయి. ఆ గుర్తులే దూలానికి విలువ, వాటిని కాపాడాలి.

మందు: బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిని ఉత్త కొయ్యకే పట్టించాలి, నూనె పూశాక ఇంకదు. వానకు కరిగిపోతుంది కనుక ఇంటి లోపలి కొయ్యకే పనికొస్తుంది. చెదలు ఎక్కువగా నేల నుంచి వస్తాయి కాబట్టి గోడ అడుగుకూ మందు అవసరం.

మెరుగు: బాగా ఆరాక అవిసె నూనెను పలుచగా రెండు మూడు పూతలు వేసి, మిగిలినది తుడిచేయాలి. లక్క పాలిష్‌కు ముందు టేకును స్పిరిట్‌తో తుడవాలి. నూనె గుడ్డలను కుప్పగా వదిలితే వాటంతటవే మండే ప్రమాదం ఉంది. విడిగా పరిచి ఆరబెట్టాలి.